ఒక్కదాన్నే వేరే దేశం వెళ్లి అక్కడి నుంచి పని చేసుకోవచ్చా?

"అక్కా, నా ఉద్యోగం మొత్తం ల్యాప్‌టాప్ మీదే కదా, ఒక మూడు నెలలు ఒక్కదాన్నే థాయిలాండో పోర్చుగలో వెళ్లి అక్కడి నుంచే లాగిన్ అయితే ఏమవుతుంది?" చదువైపోయి, ఉద్యోగంలో కుదురుకుని, పరాయి దేశంలో ఏడాదో రెండేళ్లో గడిపిన మన అమ్మాయిలు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. ఇలాంటి ఉద్యోగం చేతిలో ఉన్నప్పుడు ఆ అవకాశం వదులుకోవద్దనే నేను చెప్తాను. కానీ ఆ వెంటనే వచ్చే రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే, రాత్రిపూట సేఫేనా, పెప్పర్ స్ప్రే పట్టుకెళ్లాలా అని. వీసా సంగతి అడిగేవాళ్లు తక్కువ, ఆఫీసులో చెప్పాలా అని అడిగేవాళ్లు ఇంకా తక్కువ. అన్నట్టు పెప్పర్ స్ప్రే బ్యాగులో ఉండటమే బ్రిటన్‌లో నేరం, అది నిషేధించిన ఆయుధాల కిందకి వస్తుంది.

ఒంటరిగా ఉన్న ఆడపిల్లకి కష్టం వచ్చినప్పుడు పోలీస్ స్టేషన్ మెట్లెక్కే ధైర్యం ముందు కాగితాల్లోంచి వస్తుంది. నాకు తెలిసిన ఒక అమ్మాయి టూరిస్టు వీసా మీద వెళ్లి గది తీసుకుని పని చేసుకుంటోంది. ఇంటి ఓనరు తన దగ్గరున్న తాళం చెవితో చెప్పాపెట్టకుండా లోపలికి రావడం మొదలుపెట్టాడు. ఇదేం పద్ధతి, కంప్లయింట్ ఇస్తానని గట్టిగా అంటే "ఇయ్యి, నువ్విక్కడ పొద్దస్తమానం ఉద్యోగం చేస్తున్నావని నేనూ చెప్తాను" అన్నాడు. అంతే, ఆ పిల్ల నోరు మూతపడింది, అడ్వాన్సు వదిలేసుకుని ఆ రాత్రే పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. చేతిలో సరైన వీసా ఉంటే అదే మాటకి ఆ అమ్మాయి భయపడాల్సిన పనే లేదు. అందుకే సేఫ్టీ గురించి మాట్లాడమంటే నేను వీసాతో మొదలుపెడతాను.

టూరిస్టు వీసా మీద రిమోట్ వర్క్ చేయొచ్చా అంటే ఒక్కో దేశం ఒక్కోలా చెప్తుంది. న్యూజిలాండ్ 2025 జనవరి 27 నుంచి విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు బయటి దేశపు కంపెనీకి పని చేసుకోవచ్చని రాతపూర్వకంగానే చెప్పింది. బ్రిటన్ 2024 జనవరి 31 నుంచి ఒప్పుకుంటోంది గానీ, మీరు వచ్చిన ముఖ్య కారణం అది కాకూడదు. కెనడా కూడా విజిటర్‌గా ఉన్నంతకాలం బయటి దేశపు కంపెనీకి పని చేయనిస్తుంది. మిగతా చాలా దేశాల్లో ఈ మాట స్పష్టంగా రాసి ఉండదు, అక్కడ "అందరూ చేస్తున్నారు" అనేదాన్ని నమ్ముకుని వెళ్లొద్దు.

డిజిటల్ నోమాడ్ వీసాలు, అంటే వేరే దేశపు కంపెనీకి పని చేస్తూ తమ దేశంలో ఉండనిచ్చే వీసాలు, 2020లో ఎస్టోనియా మొదలుపెట్టిన తర్వాత చాలా దేశాలు తెచ్చాయి. కానీ ఇంటర్నెట్‌లో ఈ వీసాల గురించి రాసేవాళ్లలో ఎక్కువమందివి అమెరికా, యూరప్ పాస్‌పోర్టులు, వాళ్లకి వర్తించేవన్నీ మన పాస్‌పోర్టుకి వర్తించవు. జపాన్ 2024లో తెచ్చిన ఆరు నెలల వీసాకి అర్హమైన దేశాల జాబితాలో భారత్ లేదు. జీతం ఎంత ఉన్నా లాభం లేదు, దానిమీద టైమ్ పెట్టకండి. మనకి దారి ఉన్నవి చూస్తే థాయిలాండ్ 2024 జులైలో మొదలుపెట్టిన డీటీవీ అనే వీసా ఉంది. అయిదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు, బ్యాంకులో 5 లక్షల బాత్ చూపించాలి, థాయిలాండ్ బయట ఉండగానే అప్లై చేయాలి. దుబాయ్ వైపు చూస్తే యూఏఈ రిమోట్ వర్క్ వీసాకి నెలకి 3,500 డాలర్ల ఆదాయం కావాలి, ఏడాది ఇస్తారు. మలేషియా డీఈ రంతావ్ పాస్‌కి టెక్ ఉద్యోగులైతే ఏడాదికి 24,000 డాలర్లు చాలు. పోర్చుగల్ రిమోట్ వర్క్ వీసా డీ8కి అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లు నెల ఆదాయం ఉండాలి, కనీస వేతనం పెరిగినప్పుడల్లా ఆ అంకె కూడా పెరుగుతుంది. అప్లై చేసే రోజున ఆ దేశపు ఎంబసీ సైట్‌లో మరొకసారి చూసుకోండి, ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి.

యూరప్‌లో ఉంటున్నవాళ్లకి విడిగా ఒక మాట. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంది కదా, స్పెయిన్‌లో నాలుగు నెలలు కూర్చుని పని చేస్తానంటే కుదరదు. ఆ కార్డుతో మిగతా షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో, 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు, అంతేగానీ అక్కడ పని చేసే హక్కు దానివల్ల రాదు.

ఇక మీరు ఇప్పుడు ఉంటున్న దేశం సంగతి. కొత్తగా వచ్చినవాళ్లు బొత్తిగా ఆలోచించనిది ఇదే. వెళ్లే దేశం వీసా ఇచ్చింది సరే, తిరిగి రావడానికి మీ దగ్గర ఏముంది? అమెరికాలో హెచ్1బీ మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంప్ గడువు అయిపోతే, 30 రోజుల్లోపు కెనడా, మెక్సికో ట్రిప్పుల వరకు వెసులుబాటు ఉంది, మిగతా ఎక్కడికి వెళ్లినా కొత్త స్టాంపింగ్ అయ్యాకే రాగలరు. పోనీ బ్యాంకాక్‌లోనే స్టాంపింగ్ చేయించుకుంటానంటే, 2025 సెప్టెంబరు నుంచి సొంత దేశంలోనో నివాసం ఉన్న దేశంలోనో అప్లై చేయమంటున్నారు. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఐఎల్ఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) కోసం ఎదురుచూసేవాళ్లు ఏ 12 నెలల్లోనూ 180 రోజులకి మించి బయట ఉండకూడదు. కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) నిలబడాలంటే అయిదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉన్నట్టు లెక్క తేలాలి. మూడు నెలల సరదా కోసం అయిదేళ్ల కష్టాన్ని పణంగా పెట్టొద్దు, టికెట్ కొనేముందు ఈ రోజుల లెక్క కాగితం మీద వేసుకోండి.

ఆఫీసులో చెప్పాలి. మేనేజరు నోటిమాటగా "ఓకే, ఎంజాయ్" అన్నాడని సంబరపడి వెళ్లిపోకండి, హెచ్ఆర్ నుంచి మెయిల్ తీసుకోండి, అందులో దేశం పేరు, తేదీలు ఉండాలి. ఉద్యోగి ఒక దేశంలో ఎక్కువకాలం కూర్చుని పని చేస్తే అక్కడ కంపెనీకే పన్ను బాధ్యత వచ్చే అవకాశం ఉంది, కొన్ని ప్రాజెక్టుల డేటా దేశం దాటకూడదని క్లయింటుతో ఒప్పందం ఉంటుంది, అందుకే వాళ్లు అంత పట్టుబడతారు. ఏ దేశం నుంచి లాగిన్ అయ్యారో దాచే వీపీఎన్ పెట్టుకుంటే ఎవరికీ తెలియదని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. కంపెనీ ల్యాప్‌టాప్ మీద ఏం నడుస్తోందో కంపెనీ ఐటీ వాళ్లకి మీకన్నా బాగా తెలుసు. ఉద్యోగం మీదే వీసా ఆధారపడినవాళ్లకి ఉద్యోగం పోవడమంటే ఉంటున్న దేశంలో కాలు నిలిపే చోటు పోవడమే. మీకు పన్ను ఎక్కడ పడుతుందనేది ఆయా దేశాల మధ్య ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. చాలా ఒప్పందాల్లో 183 రోజులు అనేది ముఖ్యమైన గీత, ఆ దరిదాపులకి వెళ్తున్నారంటే ఒక ట్యాక్స్ కన్సల్టెంట్‌కి ఫీజు కట్టి అడగడం మేలు.

ఇప్పుడు రాత్రిపూట సంగతికి వద్దాం. దాన్ని తేల్చేది ఊరికి ఉన్న పేరుకన్నా ముందు మీ పని వేళలు. న్యూయార్క్ ఆఫీసుకి పొద్దున 9 నుంచి సాయంత్రం 5 వరకు పని చేయాలంటే, వేసవిలో బ్యాంకాక్‌లో అది రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 4 వరకు. కో-వర్కింగ్ స్పేస్ ఎంత బాగున్నా నాలుగింటికి ల్యాప్‌టాప్ బ్యాగుతో ఒక్కదానివే రోడ్డు మీదకి రావాలి. అదే ఆఫీసుకి లిస్బన్ నుంచి పని చేస్తే మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10. లండన్ ఆఫీసుకి బ్యాంకాక్ నుంచయితే వేసవిలో మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11. కాబట్టి ముందు గడియారం చూసి ఆ తర్వాత దేశం ఎంచుకోండి. అర్ధరాత్రి దాటే షిఫ్ట్ తప్పదనుకుంటే మాత్రం గదిలోంచే పని జరిగేలా ఏర్పాటు చేసుకోవాలి, అంటే నెట్ బాగున్న గదికి కొంచెం ఎక్కువ పెట్టినా ఫర్వాలేదు. ఓనరు "వైఫై సూపర్" అంటే సరిపోదు, మీ బల్ల ఉండే చోట నిలబడి స్పీడ్ టెస్ట్ తీసి స్క్రీన్‌షాట్ పంపమనండి, డౌన్‌లోడ్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా వీడియో కాల్‌కి కావాల్సిన అప్‌లోడ్ కూడా చూడండి.

గది విషయంలో నేను పట్టుబట్టే పద్ధతి ఒకటుంది. నెల మొత్తానికి ముందే డబ్బు కట్టొద్దు, మొదట మూడు నాలుగు రాత్రులకే తీసుకోండి, పగటిపూటే చేరేలా ఫ్లైట్ చూసుకోండి. చేరగానే పెట్టె విప్పకుండా, తలుపు తెరిచే ఉంచి, ముందు గదంతా తిరగండి. తలుపుకి లోపలి గడియ ఉందా, అది బయట నుంచి చెవితో తీస్తే తెరుచుకునేదా, కేవలం లోపల నుంచే పడేదా అని వేసి చూడండి. కిటికీలు, బాల్కనీ తలుపు ఒక్కొక్కటీ లాగి చూడండి, బాల్కనీ పక్క ఫ్లాట్ బాల్కనీకి ఆనుకుని ఉంటే ఆ గది వద్దు. లైట్లు ఆర్పేసి ఫోన్ టార్చ్‌తో పొగ డిటెక్టర్, గడియారం, ఛార్జర్ అడాప్టర్ లాంటివి మంచానికో బాత్రూమ్‌కో ఎదురుగా ఉంటే దగ్గరగా చూడండి, కెమెరా లెన్స్ ఉంటే వెలుగు పడగానే చుక్కలా మెరుస్తుంది. అద్దె గదుల సైట్ ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల ఏ కెమెరా ఉన్నా నిషేధించింది, కాబట్టి కనబడితే ఓనరుతో వాదించడం అనవసరం, ఫొటో తీసి బయటికి వచ్చి కంప్లయింట్ ఇవ్వండి. తలుపు కింద దూర్చే రబ్బరు అడ్డు చవక, చిన్నది, అలారంతో కూడా దొరుకుతుంది. నేను పెప్పర్ స్ప్రేకన్నా దాన్నే నమ్ముతాను. మొదటి రాత్రి మనసుకి ఏదైనా తేడాగా అనిపిస్తే కారణం వెతుక్కుంటూ కూర్చోకండి, మారిపోండి. ఆ ఒక్క రాత్రి అద్దె పోతే పోయింది.

గది తలుపు తర్వాత మీ రెండో తాళం ఫోన్. మన బ్యాంకు, ఆఫీసు లాగిన్, వీసా మెయిల్, ఇంటికి దారి చూపే మ్యాప్ అన్నీ ఆ ఒక్క వస్తువులోనే ఉంటాయి. అది పోయిన రోజు ఎలా ఉంటుందో వెళ్లేముందే ఒక సాయంత్రం ప్రాక్టీస్ చేయండి. ఫోన్ స్విచాఫ్ చేసి పక్కన పెట్టి, ఉత్త ల్యాప్‌టాప్‌తో మీ మెయిల్‌లోకి, బ్యాంకులోకి వెళ్లగలరేమో చూడండి. ఓటీపీ వచ్చే సిమ్ ఒక్కటే ఆధారమైతే అక్కడే ఆగిపోతారు. బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి పాస్‌పోర్టుకి దూరంగా దాచండి, పాత ఫోనొకటి వెంట పెట్టుకోండి, కార్డులు రెండు వేర్వేరు బ్యాంకులవి, రెండు వేర్వేరు బ్యాగుల్లో ఉండాలి.

ఇన్సూరెన్స్, మందులు. షెంగెన్ వీసాకి 30,000 యూరోల కవర్ చూపించమంటారు కాబట్టి అందరూ కొంటారు గానీ ఎవరూ చదవరు. ట్రిప్ ఇన్సూరెన్స్ ఎన్ని రోజులకి ఆగిపోతుందో, ఆ దేశంలో చెల్లే లైసెన్సు లేకుండా అద్దె బండి నడిపి పడితే ఇస్తుందో లేదో మాత్రం తప్పక చూడండి, చాలా పాలసీలు ఇవ్వవు. నెలసరి నొప్పికో, నడుము నొప్పికో డాక్టరు రాసిన మాత్రల్లో కోడీన్, ట్రమడాల్ లాంటివి ఉంటే యూఏఈకి ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లొద్దు. జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించితే జపాన్‌లోకి రానివ్వరు. మందులు అసలు పెట్టెల్లోనే, ప్రిస్క్రిప్షన్‌తో పాటు పెట్టుకోండి.

మనుషుల విషయానికొస్తే భయపడుతూ గదిలో కూర్చోమని నేను చెప్పను, అలా అయితే వెళ్లడమెందుకు. కాకపోతే ఫొటోలు ఆ చోటు వదిలాకే పెట్టండి, వీడియో కాల్‌లో వెనక కిటికీలోంచి వీధి కనబడకుండా కూర్చోండి. "ఒక్కదానివే వచ్చావా?" అని ఎవరైనా అడిగితే నిజం చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు, ఫ్రెండ్ సాయంత్రం వస్తుంది అంటే చాలు. మీ అడ్రసు, లైవ్ లొకేషన్, పాస్‌పోర్టు కాపీ ఒక్క నమ్మకమైన మనిషి దగ్గర ఉండాలి, ఇన్ని గంటల్లోపు మెసేజ్ రాకపోతే ఏం చేయాలో ఆ మనిషితో ముందే అనుకోండి. ఇంట్లో వాళ్లకి పూర్తిగా చెప్పలేని పరిస్థితి అయితే అక్కో, స్నేహితురాలో ఎవరైనా సరే. ఎవరికీ తెలియకుండా మాత్రం దేశం దాటకండి.

వెళ్లిన దేశంలోని మన ఎంబసీ ఎమర్జెన్సీ నంబరు ఫోన్‌లోనూ, కాగితం మీదా ఉండాలి. కష్టంలో ఉన్న భారతీయుల కోసం ఎంబసీల దగ్గర 2009 నుంచి ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అని ఒకటుంది, అర్హత ఉన్నవాళ్లకి తాత్కాలిక బసకి, తిరుగు టికెట్‌కి, న్యాయ సహాయానికి దాని నుంచి సాయం చేస్తారు. చాలామందికి అది ఉందనే తెలియదు. యూరోపియన్ యూనియన్ అంతటా ఎమర్జెన్సీకి 112, బ్రిటన్‌లో 999.

మొదటిసారి అయితే మూడు నెలలు పెట్టుకోకండి, మూడు నాలుగు వారాలు చాలు. రిలీజులు, అప్రైజల్స్ లేని నెల చూసుకోండి, రిమోట్ వర్క్ ఒప్పుకుంటామని రాతపూర్వకంగా చెప్పిన దేశాన్నే ఎంచుకోండి. వెళ్లే దేశం, మీ ప్రస్తుత వీసా, ఆఫీసు టైమ్ జోన్ ఈ మూడూ రాసి అడిగితే నాకు తెలిసినంతవరకు చెప్తాను, ఈ మూడూ లేకుండా "ఏ దేశం మంచిది అక్కా" అంటే మాత్రం ఏమీ చెప్పలేను.