రేడియేషన్ భయంతో ఉప్పు పెంచవద్దు, పాలు మానవద్దు

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. నా వయసు 58 ఏళ్లు. చాలాకాలంగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. మావారికి బీపీ ఉంది. ఇంట్లో నాలుగేళ్ల మనవడు, చంటిబిడ్డకు పాలిస్తున్న కోడలు ఉన్నారు. ఎక్కడైనా అణుబాంబు పేలినా, అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినా ఆ ధూళి మన దాకా వస్తుందని, పాలు పూర్తిగా మానేసి, అయోడిన్ ఉప్పు ఎక్కువగా తింటూ, నీళ్లలో బెటాడిన్ చుక్కలు వేసుకుని తాగితే ఏమీ కాదని వాట్సాప్‌లో చదివాను. ఇందులో నిజమెంత?

సమాధానం: అమ్మా, ఈ రోజు మీ వంటింట్లో మార్చవలసింది ఏమీ లేదు. మీకు వచ్చిన సందేశంలో పాల గురించి చెప్పినదాంట్లో మాత్రం సగం నిజముంది. అణుధూళిలోని అయోడిన్-131 అనే రేడియోధార్మిక పదార్థం గడ్డి మీద పడి, ఆ గడ్డి మేసిన పశువు పాలలోకి ఒకటి రెండు రోజుల్లోనే చేరుతుంది. మామూలు అయోడిన్‌కూ దానికీ తేడా తెలియని థైరాయిడ్ గ్రంథి దాన్ని పీల్చుకుంటుంది. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ ప్రమాదం తరువాత ఉక్రెయిన్, బెలారుస్ ప్రాంతాల పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్లు పెరగడానికి ప్రధాన కారణం ఆ తొలి వారాల్లో తాగిన తాజా పాలే. 2011లో ఫుకుషిమా దగ్గర పాలు, ఆకుకూరల అమ్మకాన్ని త్వరగా ఆపినందువల్ల అక్కడి పిల్లల థైరాయిడ్‌కు సోకిన మోతాదు చాలా తక్కువగా ఉంది. అయోడిన్-131 ఎనిమిది రోజులకొకసారి సగమవుతూ, 80 రోజులకు వెయ్యో వంతుకు తగ్గిపోతుంది. కాబట్టి ధూళి పడిన చోట, అధికారులు పరీక్షించి చెప్పేవరకు తాజా పాలు ఆపి, అంతకుముందే డబ్బాలో ప్యాక్ అయిన పాలపొడి వాడుకుంటే సరిపోతుంది.

అదే ధూళిలో ఉండే మరో రేడియోధార్మిక పదార్థం సీజియం-137 సంగతి వేరు. అది సగం కావడానికి 30 ఏళ్లు పడుతుంది. పొటాషియంలా ప్రవర్తిస్తూ కండరాల్లోకి చేరుతుంది, పెద్దవారి శరీరం నుంచి సగం బయటికి పోవడానికే సుమారు మూడు నెలలు తీసుకుంటుంది. అయితే అది నీటిలో కరిగే పదార్థం కనుక, పెరుగు చిలికితే చాలావరకు మజ్జిగలోనే ఉండిపోతుంది, కాచిన నెయ్యిలోకి దాదాపు రాదు. ధూళిలోని మూడో పదార్థం స్ట్రాన్షియం-90 కాల్షియం దారిన ఎముకల్లోకి వెళుతుంది. కాల్షియం చాలని పిల్లల శరీరం దాన్ని మరింతగా తీసుకుంటుంది కాబట్టి, భయంతో మీ మనవడికి ఇప్పటినుంచే పాలు, రాగిజావ మానిపిస్తే మేలుకన్నా కీడే ఎక్కువ.

ఇక ఉప్పు. అణు ప్రమాద సమయంలో థైరాయిడ్ రక్షణకు పెద్దలకిచ్చే 130 మిల్లీగ్రాముల పొటాషియం అయోడైడ్ మాత్రలో సుమారు 100 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. దుకాణంలో కొనే ఉప్పులో ఉండవలసిన కనీస అయోడిన్ కిలోకు 15 మిల్లీగ్రాములు. ఆ లెక్కన ఒక్క మాత్రకు సమానం కావాలంటే ఆరు కిలోలకు పైగా ఉప్పు తినాలి. మీవారి బీపీకి రోజుకు ఒక చెంచా దాటడమే ప్రమాదం. బెటాడిన్ గాయాలకు పూసే మందు, అది కడుపులోకి వెళ్లకూడదు. అసలు మాత్రను కూడా ప్రభుత్వం చెప్పినప్పుడే, చెప్పిన వేళకే వేసుకోవాలి. అది థైరాయిడ్‌ను రేడియోధార్మిక అయోడిన్ నుంచి మాత్రమే కాపాడుతుంది, సీజియం మీద పనిచేయదు.

తిండి కన్నా ముందు చూసుకోవలసినవి అలవాట్లు. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవిలో అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష తరువాత, 150 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రొంగెలాప్ దీవి మీద తెల్లటి బూడిద రాలింది. అక్కడివారు తలకు దట్టంగా కొబ్బరినూనె పట్టించి, చెప్పులు లేకుండా తిరిగేవారు. నూనెకు అంటుకున్న బూడిద వల్ల తలలు కాలి జుట్టు రాలింది, పాదాల మీద పుండ్లు పడ్డాయి. ఈ రెండు అలవాట్లూ మన ఇళ్లలోనూ ఉన్నవే కదా. అందుకే ధూళి హెచ్చరిక వస్తే లోపలే ఉండి కిటికీలు మూయాలి, బయటి గాలిని లాగే ఎయిర్ కూలర్ ఆపాలి. బయటినుంచి వచ్చినవారు చెప్పులు గుమ్మం బయటే విడిచి, బట్టలు విప్పి సంచిలో కట్టి, తలకు స్నానం చేయాలి. డాబా మీద ఎండబెట్టిన వడియాలు, మిరపకాయలు, మామిడి ముక్కలు ముందే లోపలికి తెచ్చుకోవాలి. ధూళి పడ్డాక మిగిలినవాటిని ముట్టకూడదు. తోటకూర, గోంగూర వంటివి కొన్నాళ్లు మాని, తొక్క తీసి వండే సొర, బీర వాడుకోవచ్చు. ఎంత మరిగించినా నీటిలోని రేడియోధార్మికత పోదు, మూతపెట్టి నిల్వ ఉంచిన నీళ్లే తాగాలి.

 

మీ థైరాయిడ్ మాత్రను యథాప్రకారం పరగడుపున వేసుకోండి. అది పొటాషియం అయోడైడ్‌కు బదులు కాదు, అదనంగా వేసుకున్నా రక్షణ రాదు. నలభై దాటినవారికి పొటాషియం అయోడైడ్ అవసరం సాధారణంగా తక్కువే. అటువంటి పరిస్థితి నిజంగా వస్తే ముందుగా అందవలసింది మీ కోడలికి, ఇద్దరు పిల్లలకు. పిల్లల మోతాదు వయసును బట్టి మారుతుంది కనుక దాన్ని ఆరోగ్య సిబ్బందే నిర్ణయించాలి.