బర్త్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఇండియన్ పాస్‌పోర్ట్ రాదు

మీరిద్దరూ అమెరికా పౌరులు, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డులున్నాయి, బాబు హైదరాబాద్‌లో పుట్టాడు, మరి ఇండియన్ పాస్‌పోర్ట్ వస్తుందా అని అడిగారు. రాదండీ. బర్త్ సర్టిఫికెట్ ఎక్కడ పుట్టాడో చెబుతుందే గానీ ఏ దేశ పౌరుడో చెప్పదు.

1987 జూలై 1కి ముందైతే ఈ గడ్డ మీద పుడితే దాదాపు చాలు. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి ఇంకా బిగించారు: ఒకరే పౌరులైతే రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. మీ ఇద్దరిలో ఒక్కరూ భారత పౌరులు కారు. ఓసీఐ పేరులో 'సిటిజన్' ఉన్నా అది పౌరసత్వం కాదు. ఆ పేరు పెట్టినవాళ్లనే అనాలి!

టెన్షన్ పడకండి. మీలో ఒకరు బాబు పుట్టకముందు అమెరికాలో నివాసం ఉండి ఉంటే, వాడు పుట్టుకతోనే అమెరికా పౌరుడు. అమెరికన్ కాన్సులేట్‌లో విదేశీ జనన నమోదుకీ పాస్‌పోర్ట్‌కీ ఒకేసారి అప్లై చేయండి. ఆ కొత్త పాస్‌పోర్ట్‌లో ఇండియా వీసా ఉండదు కదా, అందుకే బాబుకి ఓసీఐ రాకముందే బయల్దేరాలంటే ఎఫ్‌ఆర్‌ఆర్‌వో (విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు) నుంచి ఎగ్జిట్ పర్మిట్ కావాలి. టికెట్లు మాత్రం అది చేతికొచ్చాకే బుక్ చేయండి.