నాడీ తంతువులకు దారి చూపే రసాయనాలు

ప్రశ్న: పిండదశలో మెదడులోని నాడీ తంతువులు చేరవలసిన చోటికే ఎలా చేరుకుంటాయి?
– ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై

జవాబు: పెరుగుతున్న ప్రతి తంతువు కొసన, 1890లో స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ వర్ణించిన 'వృద్ధి శంకువు' ఉంటుంది, అది సన్నని వేళ్లవంటి పోగులను చాపుతూ, ముడుచుకుంటూ చుట్టూ ఉన్న రసాయనాలను పసిగడుతుంది. వెన్నుపాము మధ్యరేఖ (ఎడమ, కుడి సగాలు కలిసే చోటు) వద్ద కణాలు విడుదల చేసే నెట్రిన్-1 అనే ప్రోటీన్ కొన్ని తంతువులను తనవైపు రప్పించుకుంటుంది. (1994లో దీన్ని గుర్తించడానికి వేలాది కోడిపిండాల మెదళ్లు కావలసివచ్చాయి!) అసలు విచిత్రమేమిటంటే, అంతవరకు ఆకర్షణకు లోబడిన ఆ తంతువే, మధ్యరేఖను దాటగానే తన ఉపరితలంపై 'రోబో' అనే గ్రాహకాలను (రసాయన సంకేతాలను పసిగట్టే ప్రోటీన్లను) పెంచుకొని, అక్కడే ఉన్న 'స్లిట్' అనే ప్రోటీన్ల వికర్షణకు లోనై, మళ్లీ వెనక్కి మళ్లకుండా ముందుకు సాగిపోతుంది. మనుషుల్లో అదే కుటుంబానికి చెందినా, తంతువులు మధ్యరేఖను దాటడానికి తోడ్పడే రోబో-3 జన్యువు ప్రతులు రెండూ దెబ్బతింటే కొన్ని ముఖ్యమైన తంతువులు మధ్యరేఖను దాటలేవు. అటువంటివారు కళ్లను పక్కలకు తిప్పలేరు, వెన్నెముక కూడా క్రమంగా వంకరపోతుంది.