మిస్‌డిమీనర్ కేసే కదా, ఏం కాదు అంటున్నారు. నిజమేనా?

మీ ప్రశ్న ఇది: డల్లాస్ దగ్గర ఎంఎస్ చదువుతున్న మీ తమ్ముడి మీద షాపులో దొంగతనం కేసు పెట్టారు, ‘ఫెలనీ కాదు, మిస్‌డిమీనరే, టెన్షన్ పడకండి’ అని వాడు ఫోన్లో చెబుతున్నాడు, ఆ మాట నమ్మొచ్చా అని. నేను లాయర్ని కాదు. టెక్సస్‌లో చాలా ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక కుర్రాడికి అచ్చం ఇదే కేసు పడితే మొదటి నుంచి చివరి దాకా వెంట తిరిగాను. అప్పుడు తెలిసినవే చెబుతున్నాను.

ముందు ఫెలనీకీ (పెద్ద నేరం), మిస్‌డిమీనర్‌కీ (చిన్న నేరం) తేడా సంగతి. అమెరికాలో నేరం పెద్దదా చిన్నదా అన్నది నిందితుడికి చివరికి ఎంత శిక్ష పడిందన్న దాన్ని బట్టి ఉండదు. ఆ నేరానికి చట్టం గరిష్ఠంగా ఎంత శిక్ష రాసిందో అదే లెక్క. ఫెడరల్ చట్టంలో ఏడాదికి మించి జైలు వేయగలిగిన నేరం ఫెలనీ. ఏడాది లేదా అంతకు తక్కువైతే మిస్‌డిమీనర్. అందులోనూ అయిదు రోజులు, అంతకంటే తక్కువ జైలు, లేదా అసలు జైలే లేని వాటిని ఇన్‌ఫ్రాక్షన్ అంటారు. కోర్టు కనికరించి జరిమానాతో వదిలేసినా ఫెలనీ ఫెలనీయే.

ఇక ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిది. న్యూజెర్సీలో అయితే ఈ రెండు పేర్లే వాడరు. అక్కడ 200 డాలర్ల లోపు షాపు దొంగతనం ‘డిజార్డర్లీ పర్సన్స్’ నేరం, అది దాటితే నేరాన్ని బరువును బట్టి డిగ్రీలుగా లెక్కేస్తారు. మీ తమ్ముడు టెక్సస్‌లో ఉన్నాడు కాబట్టి టెక్సస్ లెక్కే చెబుతాను. ఇక్కడ వస్తువు విలువే అంతా. 100 డాలర్ల లోపైతే క్లాస్ సి మిస్‌డిమీనర్, 500 డాలర్ల దాకా జరిమానా, జైలు లేదు. 100 నుంచి 750 లోపు క్లాస్ బి, 180 రోజుల దాకా జైలు. 750 నుంచి 2,500 లోపు క్లాస్ ఎ, ఏడాది దాకా. 2,500 చేరితే స్టేట్ జైల్ ఫెలనీ. పాత దొంగతనం కేసులో శిక్ష పడి ఉంటే తక్కువ విలువకే మెట్టు పైకి జరుగుతుంది. అలాంటివి రెండు ఉంటే మూడోసారి లిప్‌స్టిక్ తీసినా ఫెలనీ పెట్టొచ్చు. ఇదే టెక్సస్‌లో ఓవర్ స్పీడ్ టికెట్ కూడా చట్టం లెక్కలో మిస్‌డిమీనరే! అందుకే ఆ ఒక్క మాట విని ఊరట పొందడం గానీ, బెదిరిపోవడం గానీ అనవసరం. ఏ క్లాసు అని అడగండి.

మన దగ్గర అలవాటైన లెక్క వేరు. పోలీసు వారెంట్ లేకుండా పట్టుకోవచ్చా, బెయిల్ హక్కుగా వస్తుందా అన్నదే మనకు ముందు కనిపిస్తుంది. దానికీ నేరం బరువుకీ ఎప్పుడూ పొంతన ఉండదు. నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి చనిపోతే అయిదేళ్ల దాకా శిక్ష, కానీ బెయిలబుల్. మామూలు దొంగతనానికి మూడేళ్ల దాకా, అది నాన్ బెయిలబుల్. కాబట్టి ‘బెయిల్ వచ్చిందంటే చిన్న కేసే’ అనే మన ఊరి లెక్క అక్కడికి పట్టుకెళ్లకండి. అమెరికాలో చాలా ఫెలనీల్లోనూ బాండ్ కట్టి బయటికి వస్తారు.

అసలు చిక్కు వీసాతో. రాష్ట్రం తన నేరానికి ఏ పేరైనా పెట్టుకోనీ, ఇమిగ్రేషన్ వాళ్లకు వాళ్ల సొంత లెక్కలున్నాయి. దొంగతనాన్ని సాధారణంగా నైతిక పతనంతో కూడిన నేరంగా చూస్తారు. దేశంలోకి ప్రవేశం పొందిన అయిదేళ్లలోపు అలాంటి నేరం చేసి, దానికి ఏడాది లేదా అంతకుమించి శిక్ష ‘వేయడానికి వీలున్న’ కేసులో దోషిగా తేలితే దేశం నుంచి పంపించేయొచ్చు. వేయడానికి వీలుంటే చాలు, ఒక్క రోజు జైలు పడకపోయినా సరే. ఇప్పుడు పై అంకెలు మళ్లీ చూడండి. 740 డాలర్ల సరుకైతే క్లాస్ బి, గరిష్ఠం 180 రోజులు, ఈ నిబంధన తగలదు. 760 అయితే క్లాస్ ఎ, ఏడాది, తగులుతుంది. రెండూ మిస్‌డిమీనర్లే. ఈ బాధ తెలిసే కాలిఫోర్నియా 2015 నుంచి, న్యూయార్క్ 2019లో మిస్‌డిమీనర్ గరిష్ఠ శిక్షను 365 రోజుల నుంచి 364కి దించాయి. ఆ ఒక్క రోజు కోసం చట్టం మార్చారంటే ఎంతమంది సంసారాలు దాని మీద ఆధారపడి ఉన్నాయో ఊహించుకోండి.

మా కుర్రాడిది సెల్ఫ్ చెకౌట్ కేసు. కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేశాడు. వంద డాలర్లు దాటింది కాబట్టి క్లాస్ బి. ఒక రాత్రి కౌంటీ జైల్లో ఉండి బాండ్ మీద వచ్చాడు. తక్కువ ఫీజుకు దొరికిన క్రిమినల్ లాయర్ ‘డిఫర్డ్ అడ్జుడికేషన్ తీసుకో, కొన్నాళ్లు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు, నీ మీద శిక్షే ఉండదు’ అన్నాడు. వీడు ఎగిరి గంతేశాడు. టెక్సస్ చట్టం వరకు ఆ మాట తప్పేమీ కాదు. కానీ అందులో ముందు తప్పు ఒప్పుకోవాలి, లేదా ‘నో కాంటెస్ట్’, అంటే ఆరోపణను ఎదిరించి వాదించను, అనాలి. అలా అన్నాక కోర్టు ప్రొబేషన్ లాంటి షరతులు పెడితే, తర్వాత కేసు కొట్టేసినా ఇమిగ్రేషన్ దృష్టిలో దోషిగా తేలినట్టే. ఇది నాకు మరో లాయర్, ఇమిగ్రేషన్ మాత్రమే చూసేవాడు చెప్పాడు. ఆయన ఫీజు కొంచెం నొప్పే, కానీ పెట్టిన ప్రతి డాలరూ న్యాయం. చివరికి ఇద్దరు లాయర్లూ మాట్లాడుకుని ప్రీట్రయల్ డైవర్షన్ ఇప్పించారు. కోర్టులో తప్పు ఒప్పుకోవడం లేకుండా క్లాసులు, సమాజ సేవ పూర్తిచేస్తే కేసు కొట్టేశారు. అక్కడా జాగ్రత్త అవసరమే. డైవర్షన్‌లో చేర్చుకునే ముందు నేరాన్ని ఒప్పుకుంటూ కాగితం రాయించుకునే చోట్లు ఉన్నాయి. ఆ కాగితం ఇమిగ్రేషన్ లాయర్ చూడకుండా సంతకం పెట్టకూడదు.

మీ తమ్ముడి లాయర్ ‘వీసా సంగతి నాకు తెలీదు’ అంటే గట్టిగానే అడగొచ్చు. 2010లో పడియా వర్సెస్ కెంటకీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందా లేదా అన్నది క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని తేల్చింది.

ఈలోపు వాడు చేయాల్సినవి: చార్జ్ కాగితం ఫోటో తీసి పంపమనండి, క్లాసు, సెక్షన్ అందులోనే ఉంటాయి. కోర్టు తేదీ ఒక్కటి కూడా తప్పకూడదు, తప్పితే వారెంట్ వస్తుంది. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో లాయర్‌ని అడిగాకే చెప్పాలి. రూమ్మేట్లతో వాట్సాప్‌లో ‘నిజంగానే తీశాన్రా’ లాంటి మెసేజ్‌లు వద్దు.

కేసు కొట్టేసినా వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అన్న ప్రశ్నకు అవుననే రాయాలి. రికార్డు చెరిపించుకున్నా అంతే. ఒక్క అబద్ధం అసలు కేసు కంటే పెద్ద కేసవుతుంది. మా వాడు అవునని రాసి, కోర్టు నుంచి సర్టిఫై చేయించిన డిస్పోజిషన్, అంటే కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం, పట్టుకెళ్లాడు. స్టాంపింగ్ కొన్నాళ్లు పెండింగ్‌లో పెట్టారు, తర్వాత ఇచ్చారు. అందరికీ అలాగే వస్తుందని మాత్రం హామీ ఇవ్వలేను.

కేసు నడుస్తుండగా ఇండియాకు రావద్దని చెప్పండి. ఇంట్లో పెళ్లి ఉన్నా సరే. మళ్లీ లోపలికి రానిచ్చేదీ లేనిదీ ఎయిర్‌పోర్టులో కూర్చున్న ఆఫీసర్ చేతిలో ఉంటుంది.