నాలుగొందల ఏళ్ళ యక్షిణికి మనసు వయసెంత?

ప్రశ్న: రాజోలు దగ్గర గోదావరి మధ్య లంకలో (ఏటి దిబ్బ మీద) 400 ఏళ్ళుగా ఉంటున్న యక్షిణి నా నవలలో నాయిక. చూడ్డానికి ఇరవై ఏళ్ళ పిల్ల. యక్షుల ఆయుష్షు 800 ఏళ్ళు కాబట్టి మన లెక్కలో నలభై ఏళ్ళ మనిషనుకుని రాశాను. చదివినవాళ్ళేమో "చిన్నపిల్లలా అలుగుతోంది" అంటున్నారు. తప్పెక్కడుందండీ?

జవాబు: ఆ భాగహారంలోనే ఉందండీ. పదింతల ఆయుష్షుకు పదింతల బాల్యమైతే, మూడేళ్ళ పిల్ల చేష్టలు ముప్పయ్యో ఏట చేస్తుంది. అన్నాళ్ళు చంకనేసుకునే తల్లి ఎవరు? పాతికేళ్ళ దాకా మనలాగే ఎదగనిచ్చి, అక్కడ ఒంటిని ఆపేయండి. మిగతా 375 ఏళ్ళలో ఎవర్ని సాగనంపింది, ఏ బరువు మోసింది అన్నదాన్ని బట్టే పరిణతి. మీ నాయికలో ఆ జాడలే లేవు.

ముందు ఆమె కాలాన్ని లెక్కేయండి. గోదావరి పుష్కరాలు 12 ఏళ్ళకోసారి, అంటే 33 చూసింది. కొబ్బరిచెట్టు 60, 80 ఏళ్ళు బతుకుతుంది. తను పాతిన చెట్లు అయిదారు తరాలు పడిపోయాయి. నందన నామ సంవత్సరం అంటే "ఏ నందన? 1832దా, 1892దా, 1952దా?" అని అడగాలి. "వచ్చే పుష్కరాలకి చూద్దాంలే" అన్నది ఆమెకు చిన్న వాయిదా, ప్రేమించిన కుర్రాడికి సగం యౌవనం. మీ కథకు అసలైన గొడవ ఇదే, దీన్ని వదలకండి.

చరిత్రంతా ఆమె నోట చెప్పించొద్దు. రెండు గాయాలు చాలు. 1833 నాటి డొక్కల కరువు చూసిన మనిషి గాదె అడుగు కనబడనివ్వదు. 1839 కోరంగి ఉప్పెన చూసినది కార్తీకంలో గాలి మళ్ళితే నిద్రపోదు. మనుషులకు పది నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జ్ఞాపకాలే ఎక్కువ నిలుస్తాయి కాబట్టి, కోపమొస్తే ఆమె నోట ఆ పడుచు వయసునాటి మాటే రావాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆమెకది నిన్నమొన్నటి కట్టడం.

అలక ఉండనివ్వండి, స్వభావం ఎక్కడికీ పోదు. కాకపోతే సాయంత్రానికి తీరే అలక కాదు. మూడు తరాలపాటు ఆ ఇంటి గుమ్మం తొక్కని అలక. ముఖం చూసి డెబ్భై ఏళ్ళ పెద్దాయన "ఏమ్మా అమ్మాయ్" అంటే, ఉయ్యాల్లో ఊపిన పిల్లాడే కదా అని ఊరుకుంటుంది. వనపర్వంలో మార్కండేయుణ్ణి చూడండి: కుర్రవాడి రూపం, ధర్మరాజుకు చెప్పేదేమో కళ్ళారా చూసిన ప్రళయం.

ప్రశ్న: ఊరంతా అలాంటివాళ్ళే అయితే?

జవాబు: పిల్లలు అరుదుగా పుట్టాలి, లేకపోతే లంక భూమి చాలదు. తండ్రికి వందో ఏట పుట్టిన కొడుకు ఆస్తి చేతికి రావడానికి 700 ఏళ్ళు ఆగాలి. పెత్తనం దక్కని 300 ఏళ్ళ కొడుకు మాటతీరు ఎలా ఉంటుందో ముందు రాసుకోండి.