కార్నెగీ మెలన్ సమ్మర్ గేమ్ అకాడమీకి వెళ్లేముందు మా అమ్మాయి ఏం నేర్చుకోవాలి?

ఇది పిట్స్‌బర్గ్‌లో యూనివర్సిటీ హాస్టల్లో ఉంటూ చేసే వేసవి ప్రోగ్రాం. ప్రోగ్రామింగ్, ఆర్ట్, సౌండ్, డిజైన్ నేర్పి, పిల్లల్ని టీములు చేసి గేమ్ తయారు చేయిస్తారు. కాబట్టి కోడింగ్ మీదే పడక్కర్లేదు. బొమ్మలు బాగా వేసే పిల్లకు అక్కడ కోడింగ్ వచ్చినవాళ్లతో సమానంగా పని ఉంటుంది.

నా సలహా: ముందే యూనిటీలో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఒక్క చిన్న గేమ్ పూర్తి చేయించండి. ఒక్క లెవెల్, గెలుపు, ఓటమి, మళ్లీ మొదలుపెట్టే బటన్, అంతే. సగంలో ఆపిన పెద్ద గేమ్ కన్నా ఇదే ఎక్కువ నేర్పుతుంది.

ఆ తర్వాత గిట్, అంటే ఫైళ్లలో ఎవరు ఏం మార్చారో దాచిపెట్టి, అందరి పనినీ కలిపే టూల్. టీములు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. ఇద్దరు ఒకే సీన్ ఫైల్‌ను (యూనిటీలో ఒక లెవెల్ మొత్తం ఉండే ఫైల్) మారిస్తే రెండిటినీ కలపడం నరకం. అందుకే శత్రువు, తలుపు, నాణెం లాంటి ప్రతి వస్తువునూ విడి ప్రీఫ్యాబ్‌గా (విడి ఫైల్‌గా దాచి, మళ్లీ మళ్లీ వాడుకునే వస్తువు) చేసి, సీన్‌ను ఒక్కరికే అప్పగించాలి. యూనిటీ ప్రాజెక్టులోని లైబ్రరీ ఫోల్డర్‌ను గిట్‌లో పెట్టకూడదు, యూనిటీ దాన్ని మళ్లీ తయారు చేసుకుంటుంది. ప్రతి ఫైల్ పక్కన యూనిటీ తయారుచేసే మెటా ఫైళ్లు మాత్రం తప్పకుండా పెట్టాలి. అవి లేకపోతే పక్కవాళ్ల కంప్యూటర్లో బొమ్మలకూ స్క్రిప్టులకూ ఉన్న లింకులు తెగిపోతాయి. టీము ఫైళ్లను ఆన్‌లైన్లో ఉంచే గిట్‌హబ్ సైటు 100 ఎంబీ దాటిన ఫైల్‌ను మామూలుగా తీసుకోదు, పెద్ద ఆడియో, ఆర్ట్ ఫైళ్లకు గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్లను విడిగా దాచే గిట్ అదనపు టూల్) వాడాలి.

టీములో చేరాక మొదట బొమ్మల స్థానంలో ఉత్త బూడిదరంగు డబ్బాలు పెట్టి ఆడి చూడాలి. ఆట బాగుందనిపించాకే ఆర్ట్ మొదలుపెట్టాలి.