‘సిస్టమ్ తీసుకోవట్లేదు’ అని పంపేయకు

చిట్టితల్లికి,

మేనత్త ఆశీస్సులు. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌గా చేరావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. తహసీల్దార్ ఆఫీసులో ఇన్నేళ్లు చేసిన దాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఆ కౌంటరు వెనక నీకు అన్నిటికంటే సులువుగా నోటికొచ్చే మాట ఒకటుంది: ‘సిస్టమ్ తీసుకోవట్లేదు.’ 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 2001లో ఈసేవ, 2011లో మీసేవ, 2019లో మీ సచివాలయాలు, 2025 జనవరిలో వాట్సాప్‌లోనే 161 సేవలతో మన మిత్ర. ఇన్ని మారినా ఆ మాట మాత్రం మారలేదు. దరఖాస్తు తీసుకోకపోవడానికి ప్రతిసారీ ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం కనుక్కుని ఎదుటి మనిషికి చెప్పడమే నీ ఉద్యోగంలో అసలు పని. మిగతాదంతా టైపింగు.

ఎక్కువసార్లు ఆ కారణం పేరులోనే దొరుకుతుంది. ఒక కార్డులో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోదాంట్లో చివరుంటుంది, పాస్‌బుక్‌లో అసలుండదు. వెంకటేశ్వర్లు ఒకచోట వెంకటేశ్వరరావు అవుతాడు. పెళ్లయిన ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, పుట్టింటి ఇంటిపేరు చదువు కాగితాల్లో, అత్తింటిది రైస్ కార్డులో. ఇలాంటివి రాగానే చాలామంది ‘వెళ్లి ఆధార్ మార్పించుకో’ అనేస్తారు. నువ్వు అలా అనకు. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. తొందరపడి తప్పు దిక్కున మార్పిస్తే ఆ మనిషికి తర్వాత దారి మూసుకుపోతుంది. ముందు అన్ని కాగితాలూ బల్ల మీద పరిపించు. ఏ పేరు ఎక్కువ చోట్ల ఉందో, పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే దాంట్లో ఏముందో చూడు. ఒక్క కాగితం తేడాగా ఉంటే ఆ ఒక్కదాన్నే సరిచేయించు. ఇదంతా పది నిమిషాల పని. కానీ ఆ పది నిమిషాలు ఎవరూ కేటాయించక కూలి పోగొట్టుకుని నెలల తరబడి తిరిగేవాళ్లను నేను చూశాను.

తిప్పి పంపక తప్పనప్పుడు ఒక చీటీ రాసివ్వు. ఏ కాగితం కావాలి, ఎక్కడ దొరుకుతుంది, మళ్లీ వచ్చినప్పుడు ఎవరిని కలవాలి, ఇవన్నీ తెలుగులో, పెద్ద అక్షరాలతో. చదువురాని ముసలమ్మ ఆ చీటీని ఇంట్లో మనవడికి చూపించుకుంటుంది. నోటితో చెప్పినవి గేటు దాటేలోపే మర్చిపోతారు.

ఒకటో తారీఖు పింఛన్ల పంపిణీలో వేలిముద్రల తంటా ఉండనే ఉంటుంది. మిరపకోతలకూ ఇటుక బట్టీలకూ వెళ్లే చేతుల మీద గీతలు అరిగిపోతాయి. చేయి కడిగించి తుడిపించు, వేరే వేలు పెట్టించు, కంటిపాపను చదివే ఐరిస్ చూడు. ఏదీ కుదరకపోతే ఆ మనిషిని ఖాళీ చేతులతో పంపమని ఎవరూ చెప్పలేదు. 2017 అక్టోబరులోనే ఆధార్ సంస్థ ఒక సర్క్యులర్‌లో స్పష్టంగా రాసింది: బయోమెట్రిక్ పడలేదన్న కారణంతో అర్హులకు సాయం ఆపకూడదు, వేరే పద్ధతిలో నిర్ధారించుకుని ఆ సంగతి రిజిస్టర్‌లో రాయాలి. మీ పథకానికి ఆ వేరే పద్ధతి ఏంటో ముందురోజే పైవాళ్లను అడిగి తెలుసుకుని ఉంచుకో. ఎండలో అరుగు మీద ముసలాయన్ని కూర్చోబెట్టి అప్పుడు ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తరు.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. అధికారుల డిజిటల్ సంతకం ఉండే చిన్న పరికరం, అదే డాంగిల్, ఎవరిదీ నీ సొరుగులో ఉండకూడదు, నీ లాగిన్ ఇంకొకరికి ఇవ్వకూడదు. 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. ‘మీటింగులో ఉన్నాను, నువ్వే నొక్కేయ్’ అని అధికారి అంటారు. కాదనడానికి మొహమాటంగానే ఉంటుంది. ‘సార్, మీరు వచ్చాక వరసగా అన్నీ చూపిస్తాను’ అని నెమ్మదిగా చెప్పు. నాతో పనిచేసిన ఒక కుర్రాడు అలా నొక్కి, విచారణలో ఒంటరిగా నిలబడ్డాడు. నొక్కమన్నవాళ్లు ఒక్కరూ పక్కన లేరు. అలాగే ఫోన్ లేనివాళ్ల దరఖాస్తులో నీ నంబరు వేయకు. వాళ్ల ఓటీపీలూ మెసేజ్‌లూ అన్నీ నీకే వస్తాయి, వాళ్లకు ఏ కబురూ అందదు. కొడుకుదో కూతురిదో నంబరు అడుగు. జనం ఆధార్ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే అలవాటు కూడా నీతో మొదలవకూడదు.

రాత్రి పూట ‘ఉదయానికల్లా వంద శాతం పూర్తవ్వాలి’ అని మెసేజ్‌లు వస్తాయి. టెన్షన్ పడతావు, సహజం. ఆ ఒత్తిడిలో ఇంటికి వెళ్లకుండానే సర్వే నింపేయాలనిపిస్తుంది. నువ్వు ‘ఊళ్లో లేరు’ అని టిక్ పెట్టిన మనిషి నిజంగా ఊళ్లోనే ఉంటే, తర్వాతి నెల పింఛను ఆగాకే ఆ సంగతి వాళ్లకు తెలుస్తుంది. తాము బతికే ఉన్నామని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు నా బల్ల ముందుకూ వచ్చారు. అరవై శాతమే అయితే అరవై అనే రాయి. మిగతా ఇళ్లకు ఎందుకు వెళ్లలేకపోయావో పక్కన రాయి. రెండు మాటలు పడతావేమో, పడు. ఒకేసారి నాలుగు పనులు చెబితే ఏది ముందు చేయాలో ఎంపీడీఓ గారినే అడుగు, జవాబు గ్రూపులో రాసి ఉండేలా చూసుకో.

కొత్త ఆలోచనలంటే కొత్త యాప్‌లే అనుకోకు. ఒక నోట్‌బుక్ పెట్టి, వెనక్కి వచ్చిన ప్రతి దరఖాస్తుకూ తేదీ, సేవ పేరు, కారణం రాయి. నెల తిరిగేసరికి ఒకే కారణం పదిసార్లు కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని మండల మీటింగులో మాట్లాడు. ‘సర్వర్ బాగోలేదు’ అంటే ఎవరూ వినరు. ఫలానా సర్టిఫికెట్‌కు ఫలానా గడిలో ఇన్ని దరఖాస్తులు ఆగాయి అంటే వినక తప్పదు. మొదటి నెల పేజీలు ఫొటో తీసి నాకు పంపు, పేర్లూ నంబర్లూ కనిపించకుండా. ఏది వీఆర్వో దగ్గర తేలుతుందో, ఏది ఆర్డీవో దాకా వెళ్లాలో చూసి చెబుతాను.

మీ అత్తయ్య